ఉద్యోగం వస్తే కార్డు పోతుందా? కార్డు పోతే అత్తమ్మ డయాలిసిస్ ఏమవుతుంది?

గాజువాక నుంచి ఒకావిడ రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందులో సంగతులు ఇవీ.

ఆవిడ వయసు 34. బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పని. జీతం 12,500, అందులోనే పీఎఫ్, ఈఎస్ఐ కట్ అవుతాయి. భర్త ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డులో వెల్డర్. నెలకు 17,000 చేతికిస్తారు, జీతం స్లిప్పు లేదు, పీఎఫ్ లేదు. బడికి వెళ్లే పిల్లలు ఇద్దరు. అత్తమ్మకు 66, మామయ్యకు 72. వాళ్లది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానంలో, సోంపేట దగ్గర పల్లె. అత్తమ్మ పెళ్లయిన దగ్గర్నుంచి జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్లిన మనిషి. కిడ్నీలు పాడయ్యాక కొడుకు ఇద్దర్నీ విశాఖ తీసుకొచ్చి, బియ్యం కార్డులో తమతోపాటు చేర్పించుకున్నాడు. ఇప్పుడు మంగళ, గురు, శనివారాల్లో ఒక ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ మీద డయాలిసిస్ జరుగుతోంది. నెలకు 10,000 డయాలిసిస్ పింఛను వస్తోంది.

భర్తకు పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. మెయింటెనెన్స్‌లో వెల్డర్ పోస్టు, 26,000 జీతం, పీఎఫ్, భార్యాపిల్లలకు 3 లక్షల గ్రూప్ ఇన్సూరెన్స్. అమ్మానాన్నల మాట అందులో లేదు. రెండు వారాల్లో ఏ సంగతీ చెప్పాలి. సంతోషించాల్సిన వార్తే, కానీ ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. జీతం బ్యాంకులో పడితే, ఐటీ రిటర్న్ వేస్తే బియ్యం కార్డు తీసేస్తారని షెడ్డులో అన్నారు. కార్డు పోతే ఆస్పత్రి వాళ్లు చెప్పిన రేటు సిట్టింగుకు 2,200. నెలకు 13 సిట్టింగులంటే 28,600. కొత్త జీతం మొత్తం పోసినా చాలదు.

సలహాలకు లోటు లేదు. షెడ్డు యజమాని ‘ఇక్కడే ఉండు, రెండు వేలు పెంచుతా’ అన్నాడు. ఆ కంపెనీలోనే పనిచేసే కాంట్రాక్టరొకడు ‘పన్నెండు వేలు బ్యాంకులో వేయించి మిగతాది చేతికిప్పిస్తా’ అన్నాడు. పిన్ని ‘అత్తమామల్ని వేరే ఇంట్లో ఉన్నట్టు చూపించి కార్డు విడదీయండి’ అంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మరిది ‘పలాసలో కిడ్నీ ఆస్పత్రి కట్టారు కదా, ఊళ్లోనే ఉంచండి’ అని ఫోన్ పెట్టేశాడు. ఈ మధ్యలో ఆస్పత్రి వాళ్లు ప్రభుత్వం బిల్లులు చెల్లించలేదని ఆస్పత్రులు సమ్మె చేసి బకాయిల గొడవ జరిగిన అక్టోబరులో మూడు సిట్టింగులకు డబ్బు కట్టించుకున్నారు. ‘ఇన్సూరెన్స్ కంపెనీ వస్తోందంట, అప్పుడు మీ కార్డు చెల్లుతుందో లేదో’ అని కూడా అంటున్నారు. అత్తమ్మ వేలిముద్రలు పడక కార్డుకు చేయాల్సిన ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) కూడా పెండింగ్‌లో ఉంది.

ఇదంతా పక్క గదిలోంచి విన్న అత్తమ్మ ఒక రాత్రి ‘నాకేటి, ఇంక మానేస్తాను, మీరు బాగుండండి’ అన్నారట. మర్నాటి నుంచి భర్త ‘ఉద్యోగం వద్దు’ అంటున్నాడు. ఆవిడ చివర్లో ఇలా రాశారు: ‘నాకు మాత్రం ఆయన చేరాలనే ఉంది. అలా అనుకుంటున్నందుకు నేను చెడ్డదాన్నా?’

సమాధానం

చెడ్డదానివి కావమ్మా. పెళ్లయిన దగ్గర్నుంచి చీటీ ముక్కల మీద లెక్కలు రాసుకుంటూ ఇల్లు నడుపుతున్న మనిషికి ఒక స్లిప్పున్న జీతం కనిపిస్తే ఆశ పుడుతుంది. అందులో తప్పు వెతకొద్దు. మీ ఆయన ‘వద్దు’ అనడంలోనూ తప్పు లేదు, ఆయనకు వినిపిస్తున్నది వాళ్లమ్మ మాట. ఇద్దరూ ఒకే భయాన్ని చెరో వైపు నుంచి చూస్తున్నారు, అంతే.

ముందు అత్తమ్మ మాట సంగతి చూడండి, ఇది మిగతా వాటిలాగా రెండు వారాలు ఆగేది కాదు. పూర్తిగా కిడ్నీలు పనిచేయని మనిషి డయాలిసిస్ మానేస్తే ప్రాణం మీదకు రావడానికి రోజులు, మహా అయితే వారాలు చాలు. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగొచ్చు. ఒక్క సిట్టింగ్ తప్పినా తర్వాతి రోజు ఆయాసం ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. ఆవిడ నిజంగా విసిగిపోయి అన్నారా, మీకు భారమవుతున్నానని అన్నారా అన్నది తెలుసుకోవాలి. ఆ మాట అడగాల్సింది కోడలు కాదు, కొడుకు. ‘నీ వైద్యం వల్ల నా ఉద్యోగం పోవట్లేదమ్మా, మేం దారి చూస్తున్నాం’ అని ఆయన నోటితో వినాలి ఆవిడ. డయాలిసిస్ డాక్టరుకు కూడా ఆవిడ ఇలా అన్నారని చెప్పండి. మానేద్దామనిపించే బెంగ ఈ రోగుల్లో కొత్త కాదు, దానికీ చికిత్స ఉంది.

ఇక కార్డు. మీ ఇంట్లో బియ్యం కార్డు, ఆరోగ్యశ్రీ, పింఛను అనే మూడు వేర్వేరు విషయాల్ని ఒకే ముడిగా చూస్తున్నారు. మీరొక్కరే కాదు, ఈ శీర్షికకు రాసేవాళ్లలో చాలామంది అలాగే చూస్తారు. మూడింటికీ గీతలు వేరు. బియ్యం కార్డుకు పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకు 12,000 లోపు ఉండాలన్నది 2019–20 ప్రాంతంలో గీసిన గీత. ఆరోగ్యశ్రీకి విడిగా కార్డులిచ్చినప్పుడు పెట్టిన పరిమితి ఏడాదికి 5 లక్షలు. అప్పట్లో బియ్యం కార్డు లేనివాళ్లకు కూడా ఈ పరిమితిలో ఆరోగ్యశ్రీ కార్డు ఇచ్చారు. ఒక సొంత కారున్నా, 5 లక్షల లోపు ఆదాయంతో ఐటీ రిటర్న్ వేసినా అర్హత పోదన్నారు. (పథకానికి పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో మొదలైన దగ్గర్నుంచి ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారుతోంది. క్యూలో నిలబడేవాళ్లు ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.)

మీ లెక్క వేద్దాం. ఆయన కొత్త జీతం ఏడాదికి 3,12,000. మీది 1,50,000. మొత్తం 4,62,000. అంటే 5 లక్షల గీతకు ఇంకా 38,000 దూరంలో ఉంటారు. ఉద్యోగంలో చేరినంత మాత్రాన వైద్యం అర్హత పోవాల్సిన పని లేదు. కానీ ఇద్దరికీ కలిపి నెలకు మూడు వేల పైన ఇంక్రిమెంట్ వచ్చిన రోజు ఈ దూరం కరిగిపోతుంది. అందుకే ఈ గీత మీద ఒక్కదాని మీదే భారం వేయొద్దంటున్నాను.

బియ్యం కార్డు మాటకొస్తే, మొహమాటం లేకుండా చెప్పాలి. మీ ఇద్దరి సంపాదన ఇప్పుడే 29,500. ఆ 12,000 గీతను మీరు ఎప్పుడో దాటేశారు. మీ ఆయన జీతం ఏ కంప్యూటర్‌లోనూ కనపడదు, మీది ఇంకా ఎవరి కంటా పడలేదు, అందుకే కార్డు నిలబడినట్టుంది. అద్దె కట్టి ఇద్దరు పిల్లల్ని చదివించే ఇంటికి గాజువాకలో 12,000 ఏ మూలకని నన్నడిగితే, ఆ గీతే తప్పంటాను. కానీ అది మారేదాకా ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఏదో ఒక తనిఖీలో బియ్యం కార్డు పోయే అవకాశం ఉందని తెలుసుకుని నడుచుకోండి. ఉద్యోగం మానుకుంటే కార్డు భద్రం అనుకోవడం మాత్రం భ్రమ.

ఐటీ రిటర్న్ అంటే పన్ను కట్టడం కాదు. 3,12,000 జీతానికి కట్టాల్సిన పన్ను సున్నా. రిటర్న్ వేసినవాళ్ల పేర్లను పన్ను కట్టేవాళ్ల జాబితాలో కలిపేసి కార్డు ఆపేశారన్న ఫిర్యాదులు ఉన్న మాట నిజమే. అలా జరిగితే సున్నా పన్ను చూపించే రిటర్న్ కాపీతో వార్డు సచివాలయంలో అభ్యంతరం పెట్టుకోవచ్చు. కాపీ దాచుకోండి.

ఇప్పుడు కొత్త విధానం సంగతి. 2025 సెప్టెంబరు 4న రాష్ట్ర క్యాబినెట్ ఆమోదించిన పద్ధతిలో పేద, ధనిక తేడా లేకుండా అన్ని కుటుంబాలనూ, మొత్తం 1.63 కోట్ల కుటుంబాలను చేర్చారు. ఏడాదికి రెండున్నర లక్షల వరకు ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీ చూస్తుంది. ఆ పైన, పేద కుటుంబాలకు 25 లక్షల దాకా, పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చూస్తుంది. చికిత్సకు అనుమతి ఆరు గంటల్లో ఇవ్వాలన్నది అందులో ఒక మాట. ఇదంతా చెప్పినట్టు నడిస్తే రెండున్నర లక్షల వరకైనా మీలాంటి ఇంటికి ఆదాయం గీత బాధ ఉండదు. ‘ఇన్సూరెన్స్ వస్తే కార్డు చెల్లదు’ అని భయపెట్టిన ఆస్పత్రి మనిషి విషయాన్ని తలకిందులుగా చెప్పాడు.

కాకపోతే మీ కేసులో ఒక మెలిక ఉంది. ఒకసారి ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లే రోగికి రెండున్నర లక్షల గీత తగలకపోవచ్చు. వారానికి మూడుసార్లు, ఏడాది పొడుగునా డయాలిసిస్ చేయించుకునే మనిషికి తగలొచ్చు. గీత దాటే నెలలో బిల్లు ఇన్సూరెన్స్ నుంచి ట్రస్టుకు మారాలి. ఆ మార్పు దగ్గర అనుమతి మళ్లీ తీసుకోవాలా, ఆ మధ్యలో సిట్టింగులు ఆగవు కదా అని ఆస్పత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్రను ఇప్పుడే అడగండి. కొత్త పద్ధతి మీ ఆస్పత్రి కౌంటర్ దాకా వచ్చిందా లేదా అన్నది కూడా ఆయనే చెప్పాలి, బిల్లింగ్ కుర్రాడు కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది కార్డు కాదు, పింఛను. ఇంతమంది ఇన్ని సలహాలిచ్చారు గాని ఆ పదివేల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఇప్పుడు ఇంట్లోకి వచ్చేది 17,000, 12,500, 10,000 కలిపి 39,500. ఆయన చేరాక పింఛను కూడా ఉంటే 48,500. పింఛను పోతే 38,500. అంటే తొమ్మిది వేల పెంపు మొత్తం పోయి, ఇంకా వెయ్యి తగ్గుతుంది. పీఎఫ్ కట్ అయ్యాక చేతికొచ్చేది మరికొంత తక్కువ. ఆ పీఎఫ్ మీ పొదుపే, దానికి కంపెనీ వాటా కూడా కలుస్తుంది, కానీ ఒకటో తారీకున అద్దెకు పనికిరాదు. కాబట్టి సచివాలయంలో అడగాల్సిన అసలు ప్రశ్న ఇది: అత్తమ్మ పింఛను ఏ కోటాలో మంజూరైంది? దానికి కుటుంబ ఆదాయం చూస్తారా, బియ్యం కార్డు లేకపోతే ఆగుతుందా? వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర మంజూరు పత్రం పెట్టి అడగండి. ఈ ఒక్క జవాబు మీద మీ నిర్ణయం చాలావరకు తేలుతుంది.

ఈకేవైసీ మాత్రం ఈ వారంలోనే పూర్తి చేయాలి. జీడిపిక్కల పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన పలాస, సోంపేట వైపు ఆడవాళ్ల వేళ్ల కొసలు చూడండి, గీతలుండవు, నల్లగా నున్నగా ఉంటాయి. మెషీన్ మీద వేలు ఎన్నిసార్లు నొక్కించినా లాభం లేదు, ఆవిడ తప్పు చేసినట్టు తలదించుకోవడం తప్ప. ‘వేలిముద్ర వద్దు, ఐరిస్ (కంటిపాప)తోగానీ ఫేస్‌తోగానీ చేయండి’ అని నోరు తెరిచి అడగండి. అలాగే మీరుండే అద్దె ఇంటి కరెంటు మీటరు ఎవరి ఆధార్‌కు లింకయి ఉందో కనుక్కోండి. యజమాని వాడకం మీ పేరు మీద పడి నెలకు 300 యూనిట్లు దాటినట్టు కనపడితే, కార్డుకు అదొక కొత్త తలనొప్పి. ఆదాయం వల్ల కార్డు పోతుందని భయపడుతూ కూర్చున్నవాళ్లలో చాలామందికి చివరికి పోయేది ఇలాంటి చిల్లర కారణాల వల్లే.

ఇక మీకు వచ్చిన సలహాలు. షెడ్డులోనే ఉండిపోతే ఈ నెల ఏమీ మారదు, అదొక్కటే దానిలో సుఖం. ఆయనకు రేపు చేయి కాలినా, నడుం పట్టినా ఆదుకునేది ఏదీ ఉండదు. మీ ఈఎస్ఐ మీద భర్తకు, పిల్లలకు వైద్యం దొరుకుతుంది గాని, ఆయన జీతానికి భరోసా దొరకదు.

సగం జీతం చేతికిప్పిస్తానన్న కాంట్రాక్టరు మాట మాత్రం వద్దనే నా అభిప్రాయం. కాగితం మీద 12,000 అయితే పీఎఫ్ తగ్గుతుంది, గ్రాట్యుటీ తగ్గుతుంది, ప్రమాదం జరిగితే నష్టపరిహారం కూడా ఆ 12,000 మీదే లెక్కేస్తారు. ఫార్మా సిటీలో వెల్డింగ్ పని అంటే ఈ ముక్క తేలిగ్గా తీసుకునేది కాదు. పైగా చేతికిచ్చే 14,000 ఏ నెల ఆపేసినా అడిగే హక్కుండదు. అంతా చేసి, మీ జీతం ఒక్కటే 12,500 కాబట్టి ఆ గీత ఎలాగూ దాటేసే ఉంటారు. ఎవరి లాభం కోసం ఈ దొంగలెక్క?

కార్డు విడదీయడం చట్టప్రకారం తప్పేమీ కాదు, నిజంగా విడిగా ఉంటే. ఒకే వంటింట్లో తింటూ వేరే చిరునామా చూపిస్తే, విచారణకు వచ్చిన రోజు రెండు కార్డులూ ఇరుకున పడతాయి. డయాలిసిస్ మధ్యలో కార్డు సస్పెండ్ అవడం ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు.

పలాస మాట మరిది విసుగ్గా అన్నా, మాటలో విషయం లేకపోలేదు. 2023 డిసెంబరులో అక్కడ 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం మొదలయ్యాయి. ఉద్దానం వాళ్ల కోసమే కట్టింది. అక్కడికి వెళ్తే వేరే కార్డు అన్నది కూడా అబద్ధం కాకుండా నిజమవుతుంది. కానీ వారానికి మూడు రోజులు తీసుకెళ్లి తీసుకొచ్చేది ఎవరు? 72 ఏళ్ల మామయ్యా? అర్ధరాత్రి చేతిలో డయాలిసిస్ కోసం చేసిన రక్తనాళాల దారి (ఫిస్ట్యులా) మూసుకుపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ఊళ్లో మరిది తరఫున ఎవరైనా ఉంటే ఆలోచించొచ్చు. ఒక్క మాట, ఈ విషయంలో అత్తమ్మను ఎవరైనా అడిగారా? మీరు పంపేస్తున్నారని ఆవిడ బాధపడతారని మీరు అనుకుంటున్నారు. గాజువాకలో రెండు గదుల ఇంట్లో కూర్చునే బదులు తన కొబ్బరి చెట్ల మధ్య ఉండాలని ఆవిడకే ఉందేమో. లేకపోవచ్చు కూడా. అడగందే తెలియదు.

ఎవరూ చెప్పని దారులు మరో మూడున్నాయి.

మొదటిది కేజీహెచ్, విశాఖలోని పెద్ద ప్రభుత్వాస్పత్రి. అక్కడ జనం ఎక్కువ, స్లాట్ వెంటనే దొరకకపోవచ్చు, మూడు రోజులూ గాజువాక నుంచి బస్సు ప్రయాణం. అయినా ప్రైవేటు ఆస్పత్రికీ ప్రభుత్వానికీ మధ్య బకాయిల గొడవ వచ్చినప్పుడు మీరు బందీలు కాకుండా ఉంటారు. ఇప్పుడే మారమనడం లేదు. ఒకరోజు వెళ్లి నెఫ్రాలజీ (కిడ్నీ విభాగం) ఓపీలో చూపించి, పేరు నమోదు చేయించి ఉంచండి. వెళ్లేటప్పుడు డయాలిసిస్ చార్టు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) రాసిన కాగితం, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షల తాజా రిపోర్టులు పట్టుకెళ్లండి. ఆ మూడు పరీక్షలు లేకుండా ఏ సెంటర్ వాళ్లూ మెషీన్ మీదకు తీసుకోరు. గొడవ వచ్చిన రోజున పరుగెత్తేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు.

రెండోది మీరు. అవును, మీరే. మీకు ఈఎస్ఐ ఉంది. మహిళా ఉద్యోగి మీద ఆధారపడిన అత్తమామలను కూడా కుటుంబంగా లెక్కించేలా సామాజిక భద్రతా కోడ్‌లో రాశారు. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. వాళ్ల ఆదాయానికి ఒక పరిమితి ఉంటుంది, అత్తమ్మ పింఛనును అందులో కలుపుతారా అన్నది తేలాలి. డయాలిసిస్ లాంటి పెద్ద వైద్యానికి ఎంత సర్వీసు ఉండాలో కూడా చూడాలి. మీ ఇన్సూరెన్స్ నంబరు, అత్తమ్మ ఆధార్ తీసుకుని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి, మల్కాపురం ఈఎస్ఐ ఆస్పత్రి మీకు దూరమేమీ కాదు. ఒకే సిట్టింగుకు రెండు పథకాల మీద క్లెయిమ్ చేయడానికి లేదు కాబట్టి, ఆరోగ్యశ్రీ నడుస్తున్నంత కాలం దాన్ని కదపొద్దు. మీ ఆయనకు మాత్రం కొత్త ఉద్యోగంలో ఈఎస్ఐ రాదు, దాని పరిమితి 21,000.

మూడోది మరిది. డబ్బు అడిగితే ముడుచుకునే మనిషి కూడా, సంతకం అడిగితే కొన్నిసార్లు చేస్తాడు. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల గ్రూప్ పాలసీల్లో ప్రీమియం కట్టి తల్లిదండ్రులను చేర్చుకునే వీలుంటుంది. అలాంటి పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తించడం మామూలు. పాలసీ రెన్యూవల్ అప్పుడే చేర్చనిస్తారు, ఆ కిటికీ ఏడాదికోసారి తెరుచుకుంటుంది. ‘అమ్మను నువ్వెందుకు చూడవు’ అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. ‘మీ కంపెనీ పాలసీలో అమ్మ పేరు చేర్చే తేదీ ఎప్పుడు? ప్రీమియంలో సగం మేం పెట్టుకుంటాం’ అని మీ ఆయన చేత మెసేజ్ పెట్టించండి. కాదంటే కాదంటాడు. కానీ ఇంతవరకు అతణ్ని ఇలా ఎవరూ అడగలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

బయట విడిగా పాలసీ కొందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. డయాలిసిస్ మీదున్న మనిషికి మామూలు పాలసీ ఇవ్వరు. ఇచ్చినా ముందున్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమనే వీలు వాళ్లకుంది. జబ్బు దాచి కొంటే క్లెయిమ్ రోజున అంతా బయటపడుతుంది. ఏజెంటు ‘నేను చూసుకుంటా’ అంటే అస్సలు నమ్మొద్దు.

మామయ్య విషయం తేలిక. 70 దాటిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల వరకు. ఆధార్ ఉంటే చాలు. అత్తమ్మకు ఇంకా నాలుగేళ్లు పడుతుంది. ఆయనకైతే ఇవాళే చేయించేయండి, ఇంట్లో ఒక మనిషి గురించైనా టెన్షన్ తగ్గుతుంది.

అక్టోబరులో కట్టిన డబ్బు గురించి. పథకం కింద ఉన్న చికిత్సకు నెట్‌వర్క్ ఆస్పత్రి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. బకాయిల గొడవలో ఆస్పత్రుల బాధ నిజమే, నెలల తరబడి బిల్లులు రాకపోతే వాళ్లూ జీతాలివ్వాలి. కానీ ఆ భారం మీ మీదకు తోయడం న్యాయం కాదు. రసీదు ఉంటే ఆరోగ్యమిత్రకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. రసీదు ఇవ్వలేదంటే, ఫోన్‌పే చేసినా గూగుల్‌పే చేసినా ఆ స్క్రీన్‌షాటే రసీదు. ‘గొడవ చేస్తే మెషీన్ ఇవ్వరేమో’ అన్న భయం మీ ఉత్తరంలో రెండుసార్లు రాశారు. ఆ భయం ఒంటరిగా ఉంటేనే ఎక్కువ. అత్తమ్మతోపాటు అదే షిఫ్టులో పక్కపక్క మంచాల మీద నాలుగేసి గంటలు పడుకునేవాళ్లున్నారు, బయట బెంచీల మీద వాళ్ల మనుషులున్నారు. వాళ్లూ అక్టోబరులో కట్టే ఉంటారు. సోమవారం డయాలిసిస్ లేదు మీకు, కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉండేది సోమవారమే. ఒకే అర్జీ, దాని కింద అందరి సంతకాలు, ఒక్కొక్కరి కార్డు నకలు జత చేయండి. ‘సమ్మె అయినా డయాలిసిస్ ఆపకూడదు, ఆగితే ఏ ప్రభుత్వ సెంటరుకు పంపుతారో రాసివ్వండి’ అని అడగండి. అలాంటి అర్జీని పక్కన పెట్టేయడం అంత తేలిక కాదు.

ఉద్యోగం సంగతి మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే. పింఛను ఆగదని తేలితే ఆలోచించడానికి పెద్దగా ఏమీ మిగలదు, చేరడమే మేలు. ఆగుతుందని తేలితే డబ్బు లెక్కలో ఈ ఏడాది దాదాపు ఎక్కడున్నారో అక్కడే ఉంటారు. అప్పుడు మీరు చూడాల్సింది పీఎఫ్, పిల్లలకు ఇన్సూరెన్స్, 38 ఏళ్ల వయసులో మీ ఆయనకు దొరికిన స్లిప్పున్న పని. ఇవి ఆ వెయ్యి నష్టానికి తగినవేనా అన్నది మీ ఇంటి లెక్క, నా లెక్క కాదు. పింఛను, ఆరోగ్యశ్రీ రెండూ పోతాయని సచివాలయంలో గట్టిగా చెప్పి, కేజీహెచ్‌లో స్లాట్ కూడా దొరక్కపోతే, మీ ఆయన ‘వద్దు’ అన్న మాటకే నేనూ ఓటేస్తాను. అప్పుడు కూడా కంపెనీ వాళ్లతో తెగతెంపులు చేసుకోకుండా, మరిది పాలసీ సంగతి తేలేదాకా గడువు అడగమంటాను.

అసలు గడువు ఎలాగైనా అడగొచ్చు. ‘ఇంట్లో డయాలిసిస్ పేషెంట్ ఉన్నారు, కాగితాలు మార్పించుకోవాలి, వచ్చే నెల ఒకటి నుంచి చేరతాను’ అని హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టమనండి. మంచి వెల్డర్ కోసం కొన్ని రోజులు ఆగని కంపెనీలు తక్కువ. అదే మెయిల్‌లో, కంపెనీ గ్రూప్ పాలసీలో ప్రీమియం మనమే కట్టి అమ్మానాన్నలను చేర్చే ఆప్షన్ ఉందా అని కూడా అడగాలి. లేదని ఆఫర్ లెటర్‌లో లేదు, భార్యాపిల్లలకు ఇస్తామని మాత్రమే ఉందని మీరే రాశారు.